ఒకే ఏటి పుస్తకాలు: అంతర్జాల సామూహిక పఠనం – సాహిత్య చరిత్రలో సంవత్సరమనే కొలత

వ్యాససంగ్రహం:
ఒక సంవత్సరాన్ని ఎంచుకొని, ఆ ఏడాది వెలువడిన పుస్తకాలను ఒక వారం పాటు ఎవరికి వారు చదివి, తమ అభిప్రాయాలను అంతర్జాలంలో ఒకచోట చేర్చుకొనే పఠన పద్ధతి ఆంగ్ల పాఠకలోకంలో దశాబ్ద కాలంగా కొనసాగుతోంది. ఈ పద్ధతి సాహిత్య చరిత్ర రచనకు ఏ మేరకు ఉపకరిస్తుంది, ‘సంవత్సరం’ అనే కొలత ఎంతవరకు నిలకడైనది, తెలుగు గ్రంథాలకు అన్వయించినప్పుడు ఏ చిక్కులు ఎదురవుతాయి అన్న అంశాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఏకసంవత్సర పఠనం, సాహిత్య చరిత్ర, ఏకకాలిక దృష్టి, ప్రచురణ తేదీ, 1925, 1934.

1. ఉపోద్ఘాతం

సాహిత్య చరిత్రను యుగాలుగా, ఉద్యమాలుగా, కవుల పేరిట విభజించుకొని చదవడం మనకు అలవాటు. భావకవిత్వం, అభ్యుదయ కవిత్వం, దిగంబర కవిత్వం, విప్లవ కవిత్వం అన్న పేర్లు పాఠ్యప్రణాళికలో అధ్యాయాలుగా మొదలై, పరిశోధనాంశం వెతుక్కొనే విద్యార్థి చూపును ముందుగానే నిర్ణయించే చట్రాలుగా స్థిరపడ్డాయి. ఒక గ్రంథం ఏ చట్రంలోనూ ఇమడకపోతే దానికి రెండు పంక్తుల ప్రస్తావన దక్కుతుంది, లేదా అదీ దక్కదు.

ఈ అలవాటుకు పూర్తిగా భిన్నమైన విభజనతో సాగుతున్న పఠనం ఒకటుంది. 2015 అక్టోబరులో ఇద్దరు బ్రిటిష్ పాఠకులు 1924వ సంవత్సరాన్ని ఎంచుకొని, ఆ ఏడాది వెలువడిన పుస్తకాల్లో ఏదో ఒకటి చదివి దాని గురించి రాయవలసిందిగా తోటి పాఠకులను ఆహ్వానించారు. ‘1924 క్లబ్’ అని దానికి పేరు. తరువాత 1938, 1947, 1951... ఇలా ఏటా రెండు పర్యాయాలు, ఏప్రిల్‌లో ఒక వారం, అక్టోబరులో ఒక వారం ఈ పఠనం జరుగుతూ వస్తోంది. 2025 అక్టోబరు వంతు 1925ది. నియమాలు అతి స్వల్పం. నవల, కథ, కవిత్వం, నాటకం, ప్రయాణ చరిత్ర, ఏ ప్రక్రియైనా సరే, ఏ భాషలో వెలువడినదైనా సరే. ఆ ఏడాది తొలిసారి ప్రచురితమై ఉండాలి, అంతే. ఎవరూ జాబితా నిర్దేశించరు, ఎవరూ తప్పనిసరి గ్రంథం చెప్పరు. వారం పూర్తయ్యేసరికి అందరి రచనల వివరాలూ ఒకచోట చేరి, ఆ సంవత్సరపు పుస్తకాల పట్టిక ఒకటి తయారవుతుంది.

పైకి ఇది కాలక్షేపం. ఇందులో పాల్గొనేవారిలో చాలామందికి సాహిత్య చరిత్ర రాయాలన్న సంకల్పం ఉండదు. అయినా వారు చేస్తున్న పని సాహిత్య చరిత్రకారుల ముందు చాలాకాలంగా ఉన్న ఒక ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. అందుకే దీన్ని విమర్శ దృష్టితో చూడవలసి ఉంది.

2. పండితుల సంవత్సరం, పాఠకుల సంవత్సరం

జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో సాహిత్య చరిత్రను నిలువుగా మాత్రమే చూడడం చాలదని వాదించాడు. ఒక క్షణం దగ్గర చరిత్రను అడ్డంగా కోసి, ఆ కోతలో కనిపించే గ్రంథాలన్నిటినీ పక్కపక్కన పరిశీలించాలన్నది ఆయన ప్రతిపాదనల్లో ఒకటి. క్రాకవర్ ఆలోచనల ఆధారంగా ఆయన చేసిన సూచన ముఖ్యమైనది: ఒకే సమయంలో వెలువడినవన్నీ ఒకే కాలానికి చెందినవి కావు. కొన్ని గతంలో నిలిచి ఉంటాయి, కొన్ని రాబోయేదాన్ని పలుకుతుంటాయి, అవన్నీ ఒకే పాఠకుని బల్ల మీదకు చేరుతాయి.

తరువాతి మూడు దశాబ్దాల్లో ఈ సూచనకు అనేక రూపాలు వచ్చాయి. జేమ్స్ చాండ్లర్ 1819వ సంవత్సరపు ఇంగ్లండును (1998), హాన్స్ ఉల్రిచ్ గుంబ్రెఖ్ట్ 1926ను (1997), మైకేల్ నార్త్ 1922ను (1999) ఒక్కొక్క పెద్ద గ్రంథానికి వస్తువుగా తీసుకొన్నారు. గుంబ్రెఖ్ట్ పుస్తకాన్ని ఎక్కడ తెరిచైనా చదవవచ్చు. అందులో కారణాలూ పర్యవసానాలూ ఉండవు, అకారాది క్రమంలో ఆ ఏటి ప్రపంచం ఉంటుంది. నార్త్ ‘యులిసిస్’, ‘ద వేస్ట్ లాండ్’ వెలువడిన ఏడాదిని తీసుకొని, ఆ రెంటి చుట్టూ జనసామాన్యం ఏమి చదివింది, ఏమి చూసింది అని వెతికాడు.

పండితుల సంవత్సరానికీ పాఠకుల సంవత్సరానికీ మధ్య తేడా ఇక్కడే ఉంది. పండితుడు సంవత్సరాన్ని ఎంచుకొనేది అందులో ఒక మహాగ్రంథమో మహాసంఘటనో ఉన్నందువల్ల. 1922 ఎంపికలోనే ‘యులిసిస్’ గెలుపు ఇమిడి ఉంది. పాఠకుల పఠనంలో సంవత్సరం దాదాపు యాదృచ్ఛికం. అందువల్ల 1922 అన్నప్పుడు ‘ది ఎన్చాంటెడ్ ఏప్రిల్’, ‘జస్ట్ విలియమ్’, అగాథా క్రిస్టీ నవల కూడా జాయిస్‌తో సమానమైన హక్కుతో లోపలికి వస్తాయి. క్రిస్టీ దాదాపు ఏటా ఒక పుస్తకమైనా ప్రచురించింది కనుక 20వ శతాబ్దపు మధ్యభాగంలో ఏ ఏడాది ఎంచుకొన్నా ఆమె అక్కడ ఉండక తప్పదు. ఇది నవ్వులాటగా కనిపించినా, ఏ సాహిత్య చరిత్రా ఆమెకు ఇవ్వని స్థానాన్ని కేవలం తేదీ ఇస్తోందన్నది గమనార్హం.

1922ను మన వైపు నుంచి చూస్తే మరొక పుస్తకం కనిపిస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన ‘మాలపల్లి’ అచ్చయినది ఆ ఏడాదే. ‘యులిసిస్’ ప్యారిస్‌లో అచ్చయి, అశ్లీలమన్న ఆరోపణతో అమెరికాలో 1933 చివరి దాకా నిషేధంలో ఉంది. ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం రాజకీయ కారణాలతో నిషేధించింది. ఈ రెండు నవలలకూ వస్తువులో, శిల్పంలో పోలిక వెతకడం వృథా. ఒకే ఏడాది అచ్చయి పాఠకునికి అందకుండా ఆగిపోయిన రెండు నవలలుగా వాటిని పక్కపక్కన పెడితే మాత్రం ఒక ప్రశ్న పుడుతుంది: అచ్చయిన సంవత్సరమే పుస్తకం యొక్క సంవత్సరమా? అమెరికా పాఠకునికి ‘యులిసిస్’ చట్టబద్ధంగా చేతికి అందినది 1934 జనవరిలో. అతని లెక్కలో అది ఏ ఏటి పుస్తకం?

3. 1925: తేదీల తగవు

నియమం సరళంగా ఉన్నంత మాత్రాన సంవత్సరం సరళం కాదు. 1925 పట్టికలో ‘మిసెస్ డాలొవే’, ‘ది గ్రేట్ గాట్స్‌బీ’లతో పాటు కాఫ్కా ‘ది ట్రయల్’ కూడా ఉంటుంది. కాఫ్కా దాన్ని 1914–15 సంవత్సరాల్లో రాసి అసంపూర్ణంగా వదిలేశాడు. ఆయన మరణానంతరం, 1925లో అది జర్మన్‌లో అచ్చయింది. ఆంగ్ల పాఠకులకు మ్యూర్ దంపతుల అనువాదం 1937లో అందింది. కనుక ఒక యుద్ధారంభ కాలపు రచన, రెండు యుద్ధాల నడిమి ప్రచురణ, రెండవ యుద్ధపు వాకిట నిలిచిన అనువాదం, ఈ మూడూ ఒకే గ్రంథం. 1925 అని రాసుకొన్న పాఠకుడు నిజానికి ప్రచురణకర్త సంవత్సరాన్ని ఎంచుకొన్నాడు.

‘గాట్స్‌బీ’ది ఇంకొక తీరు. 1925 ఏప్రిల్‌లో వెలువడినప్పుడు అది ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 1940లో ఫిట్జెరాల్డ్ మరణించేనాటికి రెండవ ముద్రణ ప్రతులు ఇంకా మిగిలి ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులకు ఉచితంగా పంచేందుకు ముద్రించిన చిన్న ప్రతులు సుమారు 1,55,000. ఆ నవలకు విస్తృత పాఠకలోకం ఏర్పడింది అప్పుడే. మనం 1925 నవల అని చదువుతున్నది 1945లో తిరిగి పుట్టిన నవలను.

ఇంకొక కారణం కూడా ఉంది, దాన్ని ఈ పఠనాల్లో పాల్గొనేవారు అరుదుగా పైకి చెబుతారు. ఒక ఏడాది నుంచి ఏ పుస్తకం చదువుతామన్నది ఆ ఏడాది ఏవి వెలువడ్డాయన్న దానికన్నా, ఈనాడు ఏవి దొరుకుతున్నాయన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. 1978లో మొదలైన విరాగో మోడరన్ క్లాసిక్స్ శ్రేణి, 1999లో ఏర్పడిన పెర్సెఫొనీ సంస్థ మరుగున పడిన స్త్రీల రచనలను పునర్ముద్రించకపోతే ఈ క్లబ్బుల పట్టికలు మరో విధంగా ఉండేవి. విన్‌ఫ్రెడ్ వాట్సన్ 1938లో రాసిన ‘మిస్ పెటిగ్రూ లివ్స్ ఫర్ ఎ డే’ నవలను 2000లో పెర్సెఫొనీ తిరిగి తెచ్చింది. నేటి పాఠకుడు 1938 పేరు చెప్పగానే ఆ నవలను తలచుకొంటున్నాడంటే 1938తో పాటు 2000 కూడా మాట్లాడుతోందన్నమాట. ఇక అమెరికా చట్టం ప్రకారం 1925 పుస్తకాలు 2021 జనవరి 1న ప్రజాధీనమై ఉచితంగా లభిస్తున్నాయి. యాదృచ్ఛికమనుకొన్న అడ్డుకోత వెనుక కాపీరైటు, పునర్ముద్రణ అనే రెండు చేతులు ఉన్నాయి.

తెలుగులో ఇదే 1925ను చూడండి. నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’, దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ రెండూ ఆ ఏటివే. భావకవిత్వపు అధ్యాయంలో ఇవి ఎప్పుడూ కలిసే ఉంటాయి కనుక ఏకసంవత్సర పఠనం ఇక్కడ మనకు కొత్తగా చూపేది తక్కువే. కాని భారతదేశ చట్టంలో హక్కు రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. నండూరి 1957లో మరణించారు, కృష్ణశాస్త్రి 1980లో. కనుక ఒకే ఏటి ఈ రెండు పుస్తకాల్లో ‘ఎంకి పాటలు’ 2018 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ‘కృష్ణపక్షం’ 2040 చివరి దాకా హక్కుదారుల అనుమతితోనే. శతాబ్ది నాటి సామూహిక పఠనంలో ఒకటి సులభంగా దొరికి, మరొకటి దొరకకపోతే దాన్ని అభిరుచి భేదంగా లెక్కవేయడం పొరపాటు.

4. 1934: ఒక పరీక్ష

ఏకసంవత్సర పఠనపు బలాన్నీ బలహీనతనూ ఒకేసారి చూపగల తెలుగు సంవత్సరం 1934 అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను 1934లో 29 రోజుల్లో చెప్పి రాయించారన్నది సుప్రసిద్ధం. ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో అది అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో బహుమతిని పంచుకొంది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతం రాసినదీ 1934లోనే. అదే సంవత్సరం హైదరాబాదు నుంచి సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న వ్యాఖ్యకు సమాధానంగా 354 మంది కవులను ఒకచోట చేర్చిన సంకలనం అది. మద్రాసులో డాక్టర్ కేసరి 1928లో స్థాపించిన ‘గృహలక్ష్మి’ పత్రిక పక్షాన తొలి స్వర్ణకంకణాన్ని కనుపర్తి వరలక్ష్మమ్మ అందుకొన్నదీ 1934లోనే. ఆమె ‘శారద లేఖలు’ ఆ పత్రికలోనే పాఠకురాళ్లను చేరుతూ వచ్చాయి.

ఈ నాలుగూ ఏ సాహిత్య చరిత్రలోనైనా ఒకే పుటలో కనిపిస్తాయా? ‘వేయిపడగలు’ నవలా వికాసంలో, ‘మహాప్రస్థానం’ అభ్యుదయ కవిత్వంలో, ‘గోలకొండ కవుల సంచిక’ తెలంగాణ సాహిత్యం అన్న ప్రత్యేక అధ్యాయంలో, వరలక్ష్మమ్మ స్త్రీల రచనలు అన్న మరో ప్రత్యేక అధ్యాయంలో ఉంటారు. ఈ అధ్యాయాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒక రచయిత అంతరిస్తున్న వ్యవస్థను నవలలో నిలబెడుతున్న ఏడాది, ఇంకొక యువకవి మరో ప్రపంచపు పిలుపు వింటున్న ఏడాది, మూడవచోట ఒక సంపాదకుడు తమ ప్రాంతంలో కవులున్నారని పేర్లతో సహా నిరూపించవలసి వచ్చిన ఏడాది, నాలుగవచోట స్త్రీల పత్రిక ఒకటి తన బహుమతిని తానే నెలకొల్పుకొన్న ఏడాది, ఇవన్నీ ఒకటే. యౌస్ చెప్పిన, ఒకే సమయంలో ఉన్న భిన్నకాలాలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. విశ్వనాథ, శ్రీశ్రీలను ఎదురెదురుగా నిలబెట్టి చేసిన విమర్శ మనకు కొల్లలుగా ఉంది. ఆ ద్వంద్వానికి వెలుపల, వారిద్దరిలో ఎవరి వాదంలోనూ చోటు లేని సమస్యతో ప్రతాపరెడ్డి అదే ఏడాది తలపడుతున్నారన్న స్పృహ ఆ విమర్శలో కానరాదు.

ఇప్పుడు అంతర్జాల పఠనపు నియమాన్ని ఉన్నదున్నట్లు వర్తింపజేద్దాం. ఆ ఏడాది పుస్తకంగా వెలువడి ఉండాలి. ‘వేయిపడగలు’ పుస్తకరూపం తరువాతి సంవత్సరాలది కనుక తొలగిపోతుంది. ‘మహాప్రస్థానం’ 1950లో గాని సంపుటిగా రాలేదు. చలం ‘యోగ్యతాపత్రం’ రాసినదే 1940లో, అంటే పీఠిక పుట్టిన పదేళ్లకు గాని పుస్తకం పుట్టలేదు. వరలక్ష్మమ్మ లేఖలు పత్రికలో ఉన్నవి. మిగిలేది ‘గోలకొండ కవుల సంచిక’ ఒక్కటే! సాహిత్య చరిత్ర అంచున ఉంచినది నియమం వల్ల నట్టనడుమకు వస్తుంది, నట్టనడుమ ఉన్నవి బయటికి పోతాయి.

ఈ ఫలితాన్ని అసంబద్ధమని కొట్టివేయడానికి లేదు. 1934లో ఒక తెలుగు పాఠకుడు నిజంగా చేత పట్టుకోగలిగిన పుస్తకం ఏది అన్న ప్రశ్నకు అది సరైన జవాబే. ‘మహాప్రస్థానం’ 1934 నాటి పాఠకులకు సంపుటిగా లేదు. తరువాతి తరాలు 1950 పుస్తకం చేతిలో పట్టుకొని 1934ను ఊహించుకొన్నాయి. మన సాహిత్య చరిత్ర రచయిత కాలాన్ని అనుసరిస్తుంది, ఏకసంవత్సర పఠనం పాఠకుని కాలాన్ని అనుసరిస్తుంది. రెంటినీ కలగాపులగం చేయడమే అసలు దోషం. సిద్ధాంత గ్రంథాల్లో ‘1934 నాటి మహాప్రస్థానం’ అనీ, కొన్ని పుటల తరువాత ‘మహాప్రస్థానం (1950)’ అనీ సంకోచం లేకుండా రాసే అలవాటు ఈ కలగాపులగానికి సాక్ష్యం.

అయినప్పటికీ ఆంగ్ల నియమాన్ని యథాతథంగా తెచ్చుకోవడం తగదు. ఆంగ్ల ప్రచురణరంగంలో నవల పుట్టుక అంటే పుస్తకం వెలువడిన రోజు. 20వ శతాబ్దపు తెలుగులో నవల పుట్టేది చాలా సందర్భాల్లో వారపత్రికలోనో మాసపత్రికలోనో. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని దాని తొలి పాఠకులు 1946–47లో ‘నవోదయ’ సంచికల్లో భాగాలుగా చదివారు. పుస్తకంగా తరువాత వచ్చింది. ఆ నవలను పుస్తకం తేదీతో గుర్తించడమంటే ఆ తొలి పాఠకులను లేనివారిగా చేయడమే. కనుక తెలుగులో ఏకసంవత్సర పఠనం జరగాలంటే ప్రతి గ్రంథానికీ మూడు తేదీలు నమోదు కావాలి: రచనాకాలం, పత్రికా ప్రచురణ, పుస్తక ప్రచురణ. ‘కన్యాశుల్కం’ వంటి వాటికి నాలుగవది కూడా. 1897 ముద్రణకూ 1909 ముద్రణకూ మధ్య గురజాడ నాటకాన్ని దాదాపు తిరగరాశారు. 1897ను ఎంచుకొన్న పాఠకబృందం మన తరగతి గదుల్లోని ‘కన్యాశుల్కం’ చదివితే తప్పు పుస్తకం చదివినట్లే. బంగోరె 1969లో తొలి కూర్పును వెలికితీసి అచ్చువేయకపోతే ఆ పఠనం సాధ్యమయ్యేది కూడా కాదు.

ఒక చిన్న చిక్కు చివరగా మిగిలింది. పాత తెలుగు ముద్రణల్లో చాలావాటి ముఖపత్రం మీద సంవత్సరనామమే ఉంటుంది. భావ నామ సంవత్సరం 1934 ఉగాదితో మొదలై 1935లోకి నడుస్తుంది. మరి అడ్డుకోత జనవరి దగ్గరా, చైత్రం దగ్గరా? ఆంధ్రపత్రిక ఉగాది సంచికలను ఏటి సాహిత్యానికి కొలమానంగా చూసిన తరానికి రెండవదే సహజం.

5. సామూహికత ఎంత?

ఈ పఠనాలను సామూహికమని అంటున్నాం. ఆ మాట ఎంతవరకు నిజం? పదుల సంఖ్యలో పాఠకులు ఒకే వారం రాస్తారు. అయితే ప్రతి ఒక్కరూ తమ పుస్తకం గురించే రాస్తారు. ‘డాలొవే’ చదివినవారు డాలొవే గురించి, డిటెక్టివ్ నవల చదివినవారు హత్య గురించి. ఒకే ఏటి రెండు పుస్తకాలను ఎదురెదురుగా పెట్టి, ఆ ఏడాది వాటికి ఏమి చేసిందని అడిగేవారు తక్కువ. సంవత్సరం పుస్తకాలను ఒక గదిలోకి పిలుస్తుంది గాని మాట కలపదు. పట్టిక చేతికి వచ్చాక మొదలు కావలసిన విమర్శ, పట్టికతోనే ముగుస్తోంది. ఈ పద్ధతిలో ప్రధాన లోపం ఇదేనని నా భావన. ఏ నిర్దేశమూ లేకపోవడం వల్ల కలిగిన స్వేచ్ఛకు ఇది మూల్యం.

దీనికి విరుగుడు విశ్వవిద్యాలయ తెలుగు శాఖల చేతిలో ఉంది. ఔత్సాహిక పాఠకునికి లేని వనరులు పరిశోధకునికి ఉన్నాయి. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం, కథ ఏ పత్రికలో ఏ తేదీన వచ్చిందో నమోదు చేస్తూ వచ్చింది. కథల విషయంలోనైనా ఒక ఏడాదిని అడ్డంగా కోసి చూడడానికి తగిన సామగ్రి అక్కడ సిద్ధంగా ఉంది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో 1990 నుంచి వెలువడిన ‘కథ’ వార్షిక సంకలనాలూ సంవత్సరం ఆధారంగా ఏర్పడినవే. కాని వాటి స్వభావం వేరు. అవి ఏడాది ముగియగానే చేసిన ఎంపికలు, మంచివని సంపాదకులు భావించినవి. ఎంపికకు లోబడని మిగతా కథలతో వాటిని కలిపి చదివితేనే ఎంపిక వెనుక ఉన్న అభిరుచి బయటపడుతుంది. ఆ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒక ఏటి పత్రికలను పదిమంది పంచుకొని చదవవలసి ఉంటుంది. అంతర్జాల పఠనాలు చూపిన దారిలో విలువైనది ఈ శ్రమవిభజనే.

మన పరిశోధనలో ‘తొలి’ అన్న మాటకు ఉన్న ఆకర్షణ అందరికీ తెలిసినదే. తొలి కథ 1910 నాటి ‘దిద్దుబాటు’ అని కొందరు, భండారు అచ్చమాంబ 1902లోనే కథలు రాసిందని మరికొందరు వాదించారు. ఆ వాదం అచ్చమాంబను వెలుగులోకి తెచ్చిన మాట వాస్తవం, దాని అవసరం కాదనలేనిది. కాని 1902లో ‘హిందూ సుందరి’ చదివిన పాఠకురాలి చేతికి ఆ కథతో పాటు ఇంకేవి వచ్చాయి, అదే సంచికలో దాని పక్కన ఏ వ్యాసం ఉంది, ఆమె ఇంట్లో ఇతరులు ఆ నెల ఏ పత్రిక చదువుతున్నారు అన్న ప్రశ్నలు పందెంలో వెనకబడిపోయాయి. 1902, 1910, 1934లలో ఏదో ఒకదాన్ని తీసుకొని, ఆ ఏడాది పత్రికల సంచికలను వరుసగా, ప్రకటనలతో సహా చదివే బృందం ఒకటి ఏ తెలుగు శాఖలోనైనా ఒక సెమిస్టరు పాటు ఏర్పడగలిగితే, ముందుగా చేయవలసిన పని పుస్తకాల జాబితా తయారుచేయడం కాదు. ఏ సంచికలు ఏ గ్రంథాలయంలో ఉన్నాయో, ఏవి స్కాన్ అయ్యాయో, ఏ పుటలు చిరిగి ఉన్నాయో రాసుకోవడం.